ఆన్సెల్మో ముక్కు

గ్వయామా ఊరి కార్లవాళ్లలో ఆన్సెల్మో తెహిదోర్‌ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ అతను వేటకుక్కే. బానెట్ ఎత్తే పని లేదు. కారు వచ్చి వాకిట్లో ఆగితే చాలు, దూరాన నిలబడి గాలి పీల్చి, "నూనె కాలుస్తోందిరా నీ బండి" అనో, "రేడియేటరు నీళ్లు ఇంజన్లోకి పోతున్నాయి" అనో చెప్పేవాడు. తీరా విప్పి చూస్తే అంతే ఉండేది. పురపాలక సంఘం చెత్త లారీల షెడ్డులో పాతికేళ్లకు పైగా పనిచేసి, ఉద్యోగం మానేశాక ఇంటి వరండాలోనే కార్ల పని పెట్టుకున్నాడు. అదీ అన్ని పనులూ కాదు. పాత చిన్న కార్ల సొంత ఇంజన్లు పీకేసి, వాటికి నాలుగింతలు బలమున్న ఇంజన్లు దించే పని ఒక్కటే.

తుపాన్ల కాలంలో ఒక ఏడాది అతనికి జ్వరం వచ్చింది. పదిరోజులు మంచం పట్టి లేచాడు. దగ్గు పోయింది, నీరసం పోయింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. కాఫీ తాగితే వట్టి కాచిన నీళ్లలా ఉంది. వెల్లుల్లి వేగుతున్న పెనం మీద మొహం పెట్టినా ఏమీ లేదు. నాలుగు వారాలు ఆగితే అదే వస్తుందనుకున్నాడు. తర్వాత క్రిస్మస్‌కి వస్తుందనుకున్నాడు. ఆ తర్వాత అనుకోవడం మానేసి, దాచడం మొదలుపెట్టాడు.

భార్య మిగ్దాలియాకు ఒక ఆదివారం తెలిసిపోయింది. పొయ్యి మీద కందిగింజల అన్నం పడేసి ఆమె పక్కింటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి వంటిల్లంతా పొగ. ఆన్సెల్మో ఆ పొయ్యికి బారెడు దూరంలో, గోడవైపు తిరిగి కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని బోల్టులు ఏరుకుంటున్నాడు.

"ఏమయ్యా, కొంప తగలబడుతుంటే కూర్చున్నావేంటి? అడుగంటిన అన్నం నీకిష్టమే గానీ, గిన్నె కూడా తింటావా?"

అతను తలెత్తి పొగను చూశాడు. అప్పుడు లేచాడు. ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. గిన్నె దించి, కిటికీలు తెరిచి, అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎప్పట్నుంచి?"

"జ్వరం అప్పట్నుంచి."

"డాక్టరుకి చెప్పావా?"

"చెప్పాను. వస్తే వస్తుంది, లేకపోతే లేదన్నాడు. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు మిగ్దా. ముక్కులేని వేటకుక్కని ఎవడు పెంచుకుంటాడు?"

"చెప్పనులే. కానీ పెట్రోలు దగ్గర పని నీది. మరి దానికేం చేస్తావు?"

"చేతులున్నాయి, కళ్లున్నాయి," అన్నాడు ఆన్సెల్మో. ఆ రోజు నుంచి అతను వరండాలో ఉన్నంతసేపూ ఆమె తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. బట్టలు మడతపెడుతున్నట్టో, చిక్కుడుకాయలు ఒలుస్తున్నట్టో కూర్చునేది గాని, పని అంతా ముక్కుతోనే.

ఆ తర్వాతి వేసవిలో ఇరామ్ తన కరోలా కారు తోలుకుంటూ వచ్చాడు.

ఇరామ్‌కి ఊళ్లో రొట్టెల బట్టీ ఉంది. తండ్రి పెట్టింది. చెల్లెలు అవిల్దా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది, ఇరామ్ లోపల పిండి పిసుకుతాడు. ఆన్సెల్మో కూతురికి బాప్తిస్మం తండ్రి అతనే. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే వీధిలో ఒకే సైకిలు తొక్కినవాళ్లు. ఆ కరోలా ఇరామ్ తండ్రి కొత్తగా కొన్నది. వెనక చక్రాలు లాగే రకం, రెండు తలుపులు, డబ్బాలాంటి ఆకారం. నలభై ఏళ్లు దాటినా తుప్పు పట్టనివ్వలేదు. కిందటి నెల దాన్ని తీరం పక్కన, కార్లు తిన్నటి దారిలో జంటగా పందెం వేసుకునే డ్రాగ్ ట్రాక్‌కి తీసుకెళ్తే, పక్క పట్నం పోన్సే నుంచి వచ్చిన కుర్రాళ్ల ముందు చిత్తుగా ఓడిపోయాడు. ఓడినందుకు కాదు, తర్వాత వాళ్లు చేసిన పనికి అతనికి నిద్ర పట్టలేదు. పార్కింగులో అతని కారు కిటికీ కొట్టి, "అన్నా, రెండు బన్నులు, ఒక కాఫీ" అన్నారట.

"రొట్టెల బండి అంటార్రా నా కారుని!" ఇరామ్ ఇంకా మండిపోతున్నాడు. చేతిలో వేడి రొట్టెల సంచీ ఉంది. దాన్ని ఆన్సెల్మో ముక్కు కింద పెట్టి, "ఇదిగో, ఇవాళ్టి వాయి. ఎలా ఉందో చెప్పు," అన్నాడు.

ఆన్సెల్మో గట్టిగా పీల్చాడు. "వెన్న ఎక్కువేశావు."

"అదీ! వేటకుక్క అంటే వేటకుక్కే," అంటూ ఇరామ్ అతని వీపు మీద చరిచాడు. తలుపు దగ్గర మిగ్దాలియా కళ్లు దించుకుంది.

"సరే, ఏం కావాలి నీకు?"

"రోటరీ ఇంజను కావాలి. టర్బోతో. ఆరువందల గుర్రాల బలం కావాలి. స్పిరిట్ మీద నడవాలి."

రోటరీ అంటే పిస్టన్లు లేకుండా ముక్కోణపు చక్రాలు తిరిగే చిన్న ఇంజను, దానిలోకి గాలిని గట్టిగా తోసేది టర్బో. ఆ కారు పుట్టినప్పుడు దానిలో ఉన్నవి డెబ్బై గుర్రాలు. స్పిరిట్ అంటే మెథనాల్. ఇంజను చల్లగా ఉంటుంది, బలం పెరుగుతుంది. పందెం కార్లవాళ్లకు అదంటే ప్రాణం. అయితే పెట్రోలుకు రెండింతలు తాగుతుంది, మామూలు రబ్బరు గొట్టాలను నమిలేస్తుంది. దాని మంట ఎండలో కంటికి కనిపించదు.

"పెట్రోలు మీదే నాలుగువందలు ఇస్తాను. అది చాలు నీకు."

"నాలుగువందలు పోన్సేలో పాలవాడికి కూడా ఉన్నాయిరా. చేస్తావా చెప్పు, లేకపోతే అక్కడికే తీసుకెళ్తాను."

వద్దనడానికి అదే సమయం. ఒక్క మాట చెబితే ఇరామ్ వినేవాడేమో. కానీ ఆన్సెల్మో చూపు అప్పటికే కారు ముందుభాగం మీద ఉంది. అంత చిన్న కడుపులో అంత పెద్ద ప్రాణాన్ని ఎలా ఇరికించాలా అని అతని బుర్ర కొలతలు వేయడం మొదలుపెట్టింది. ముక్కు పోయాక అతనికి మిగిలిన సుఖం అదొక్కటే. "బండి వదిలి వెళ్లు," అన్నాడు.

పని మొదలైంది. పాత ఇంజను తీశాక, లోపల ఏమీలేని రోటరీ డొల్ల ఒకటి తెచ్చి ఆ ఖాళీలో వేలాడదీశాడు. ముందుకు జరిపితే రేడియేటరుకు చోటు లేదు. వెనక్కి జరిపితే డ్రైవరు కాళ్ల ముందున్న రేకు కోయాలి. కోశాడు. కోశాక పాత గేరుబాక్సు ఆ బలానికి ఆగదని తేలింది. పెద్దది తెస్తే దానికి నేల మధ్యలో గూడు సరిపోలేదు. ఆ గూడూ కోశాడు. గేరుబాక్సు ఆగితే వెనక ఇరుసు విరుగుతుంది. పికప్ ట్రక్కు ఇరుసు తెచ్చి రెండు వైపులా కత్తిరించి పొట్టి చేశాడు. అంత బలం వెనక చక్రాలకు చేరితే ఈ పాత రేకు ఒళ్లు మెలితిరుగుతుంది, అందుకని లోపల ఇనప గొట్టాల పంజరం అల్లాడు. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చి, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చి, చివరికి సంసారంలో పడ్డ సన్యాసి కథే ఇది. ప్రతి బలం ఇంకో బలహీనతను బయటపెడుతోంది. చివరికి ఆ కారులో ఇరామ్ తండ్రి కొన్నదాంట్లో మిగిలింది పైకప్పు, రెండు తలుపులు, స్టీరింగు మీది తోలు మాత్రమే.

ఇంధనం ట్యాంకు డిక్కీలో పెట్టాడు. అక్కడి నుంచి ఇంజనుకు గొట్టం కారు లోపలి నుంచే, డ్రైవరు సీటు పక్కగా వెళ్లాలి. కింద నుంచి వేస్తే ఇరుసు విరిగినప్పుడు తెగుతుంది. లోపలి గొట్టానికి మధ్యలో ఒక అతుకు పడింది.

ఇదివరకైతే ఆన్సెల్మో పంపు ఆన్ చేసి, మోకాళ్ల మీద కూర్చుని, ప్రతి అతుకు దగ్గరా కుక్కలాగే వాసన చూసేవాడు. ఇప్పుడు వేళ్లతో తడిమాడు. స్పిరిట్ కారితే ఆరిపోతూ చర్మాన్ని చల్లబరుస్తుంది కాబట్టి చలి తగిలితే లీకున్నట్టు. అన్నీ తడిమాడు. ఎక్కడా చల్లదనం లేదు. తర్వాత, మొహం అటు తిప్పుకుని, "మిగ్దా, ఒకసారి ఇటు రా," అని పిలిచాడు.

ఆమె కారులోకి వంగి పీల్చింది. "ఏమీ లేదు. రంగు వాసన తప్ప."

"సరిగ్గా చూశావా?"

"చూశాను. అయినా నన్నెంతకాలం ఇలా వంగమంటావు? ట్రాక్ దగ్గర నేనుండను కదా. ఇరామ్‌కి చెప్పెయ్యి."

"చెబుతాను."

"ఎప్పుడు?"

"కారు నడిచాక."

మొదటిసారి ఇంజను ఇంటి వరండాలోనే రాజేశారు. రోటరీ అరుపుకు వీధిలో కోళ్లన్నీ ఎగిరి గోడలెక్కాయి. ఇరామ్ చిన్నపిల్లాడిలా గంతులేశాడు. వీధివాళ్లు చేరి చప్పట్లు కొట్టారు. మిగ్దాలియా మాత్రం లోపలికెళ్లి తలుపు వేసుకుంది. ఆ శబ్దం తనకు నచ్చలేదని, కారు అరుస్తున్నట్టు లేదని, ఏదో గొంతు నులిమితే అరిచినట్టుందని ఆమె తర్వాత అవిల్దాతో అందట.

పరీక్షకు ఒక శనివారం ట్రాక్‌కి వెళ్లారు. పందెం లేదు, సాధన మాత్రమే. ఎండ నిలువుగా ఉంది. సముద్రం మీది గాలి కూడా ఆగిపోయింది. కంచె దగ్గర పోన్సే కుర్రాళ్లు నలుగురు ముందే ఉన్నారు. వేయించిన చేప ముక్కలు తింటూ, "రొట్టెలు వచ్చాయిరోయ్!" అని కేకేశారు.

"తిను నాయనా, బాగా తిను. ఇంకాసేపట్లో దుమ్ము తింటావు," అన్నాడు ఇరామ్.

మొదటి పరుగు సగం బలంతో చేశారు. కారు గురి తప్పకుండా పోయింది. కంచె దగ్గర నవ్వులు ఆగిపోయాయి. తిరిగొచ్చాక ఇరామ్ చేతి తొడుగులు తీసి డిక్కీ మీద పడేశాడు.

"అవి తొడుక్కోరా."

"గేరు చేతికి తెలియట్లేదురా. పిండి పిసికే చేతులివి, తొడుగులేసుకుంటే గుడ్డివాణ్ని అయిపోతాను."

రెండో పరుగుకు పూర్తి బలం పెట్టారు. బయల్దేరే గీత దగ్గరికి వెళ్లే ముందు బెల్టులు బిగించడానికి ఆన్సెల్మో కిటికీలోంచి తల, భుజాలు లోపలికి పెట్టాడు. మొదటి పరుగు కుదుపులకు సీటు పక్కన అతుకు సడలింది. స్పిరిట్ చుక్కలు చుక్కలుగా కింద చాపలోకి ఇంకుతోంది. ఇరుకైన ఆ కారులో తియ్యటి ఆ ఘాటు నిండిపోయింది. బెల్టు లాగుతున్నంతసేపూ ఆన్సెల్మో ఆ గాలినే గుండెలనిండా పీల్చాడు.

"బాగానే ఉందా?" అని హెల్మెట్ లోంచి అడిగాడు ఇరామ్.

"బాగానే ఉంది. పో."

ట్రాక్ మొదట్లో టైర్లు తిప్పి వేడెక్కించుకోవడానికి నేల తడుపుతారు. ఇరామ్ ఆ తడి మీద చక్రాలు గిరగిరా తిప్పాడు. తెల్లటి పొగ లేచి, చెదిరిపోయింది. కారు గీత దాకా వచ్చి ఆగింది. బయల్దేరమనే దీపాలు ఇంకా వెలగాలి.

అప్పుడు ఇరామ్ చేతులు ఊపడం మొదలుపెట్టాడు. స్టీరింగు వదిలేసి, రెండు చేతులూ గాలిలో కొడుతున్నాడు. కంచె దగ్గర కుర్రాళ్లు ఈలలు వేశారు. "అప్పుడే గెలిచినట్టు డాన్సు చూడండ్రా!" అని ఒకడు అరిచాడు. మంట లేదు, పొగ లేదు. ఎండలో తళతళలాడుతూ కారు నిలబడి ఉంది, దానిలో ఒక మనిషి ఆడుతున్నాడు.

ఆన్సెల్మో కళ్లు కారు వెనక కిటికీ అద్దం మీది నంబరు కాగితం మీద పడ్డాయి. అది అంచుల నుంచి ముడుచుకుంటోంది. దాని వెనక గాలి నీళ్లలా వణుకుతోంది.

"మంట! మంట! కాలిపోతున్నాడు!" అని అరుస్తూ పరుగెత్తాడు. ముందు కారు వెనక్కి వెళ్లి, బయట బిగించిన మీట కొట్టి పంపు ఆపాడు. తర్వాత నేల తడిపే నీళ్ల గొట్టం లాక్కొచ్చి కిటికీలోంచి లోపలికి వదిలాడు. ఎక్కడ పోయాలో తెలియదు, కాబట్టి అంతటా పోశాడు. తలుపు తీసి చెయ్యి పెట్టేసరికి తన ముంజేతి వెంట్రుకలు మాయమయ్యాయి, నొప్పి తర్వాత వచ్చింది. బెల్టు విప్పి, ఇరామ్‌ను చంకల కింద పట్టుకుని తడినేల మీదికి లాగాడు. ట్రాక్ మనుషులు వచ్చి మంటలార్పే పొడి చల్లారు. ఈలలు వేసిన కుర్రాడే తన చొక్కా విప్పి నీళ్లలో ముంచి ఇరామ్ మీద కప్పాడు. వాడు ఏడుస్తున్నాడు.

పందెం దుస్తులు ఒంటిని కాపాడాయి. హెల్మెట్ మొహాన్ని కాపాడింది. చేతులను కాపాడేవేవీ లేవు.

సీటు కింది తీగ రవ్వకు తడిసిన చాప అంటుకుందని ట్రాక్ మనుషులు తర్వాత తేల్చారు. రాజధాని శాన్ హువాన్ ఆసుపత్రిలో ఇరామ్ చాలా వారాలు ఉన్నాడు. తన ముంజేతులకు కట్లతో ఆన్సెల్మో తరచూ అక్కడికి వెళ్లి, ఆసుపత్రి వరండాలో కూర్చుని, లోపలికి వెళ్లకుండా తిరిగొచ్చేవాడు. ఒకరోజు అవిల్దా బయటికొచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"అన్నయ్య ఒక మాట అన్నాడు. నిన్ను అడగమన్లేదు, నేనే అడుగుతున్నా. బయల్దేరే ముందు కారులో ఘాటుగా వాసన వచ్చిందట. నువ్వు తల లోపల పెట్టి ఉన్నావు కాబట్టి, అలాగే ఉంటుందేమో అనుకున్నాడట. వేటకుక్కకి తెలియనిది నాకేం తెలుస్తుందిలే అనుకున్నాడట. నీకు రాలేదా వాసన?"

"రాలేదు."

"అంత ఘాటు వస్తే?"

"నాకు ఏ వాసనా రాదమ్మా. కిందటేడు జ్వరంలో పోయింది. ఎవరికీ చెప్పలేదు."

అవిల్దా అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. "లోపలికెళ్లి ఆ మాట వాడికి నువ్వే చెప్పు," అని మాత్రం అంది. తలుపు తెరిచి పట్టుకుంది.

ఇరామ్ చేతులు రెండూ దిండ్ల మీద తెల్లటి మూటల్లా ఉన్నాయి. ఆన్సెల్మో నిలబడే చెప్పాడు. జ్వరం సంగతి, మాడిన అన్నం సంగతి, వెన్న ఎక్కువైందని చెప్పిన అబద్ధం సంగతి చెప్పాడు. ఇరామ్ పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

"ఆ రోజు అసలు వెన్నే వెయ్యలేదు," అన్నాడు చివరికి. "నువ్వు వేళాకోళానికి అన్నావనుకుని నేనూ వంతపాడా."

"ఇరామ్…"

"ఇంజను కాలిందా?"

ఆన్సెల్మోకు మాట అర్థం కాలేదు. "ఏంటి?"

"ఇంజను. లోపలే కదా మంట. ముందువైపు కాలిందా లేదా?"

"కాలలేదు."

"అయితే సరే," అని ఇరామ్ కళ్లు మూసుకున్నాడు. పెదవుల మీద చిన్న నవ్వు ఉంది. ఇన్ని నెలలుగా తన వరండాలో విన్న ఏ అరుపూ పుట్టించని భయం ఆ నవ్వు చూసినప్పుడు ఆన్సెల్మోకు పుట్టింది.

ఇంటికొచ్చి అతను వరండా ఖాళీ చేశాడు. అడిగినవాళ్లందరికీ ముక్కు సంగతి తనే చెప్పాడు. కొందరు జాలిపడ్డారు, కొందరు తమ పాత కార్లను ఇంకెవరికైనా చూపించుకోవడానికి పరుగెత్తారు. బట్టీలో పిండి పిసికే మనిషి లేడు కాబట్టి, తన కట్లు విప్పిన మర్నాటి నుంచి ఆన్సెల్మో అక్కడికి వెళ్లసాగాడు. అవిల్దా రమ్మనలేదు, వద్దనలేదు. మొదటి వారం వాయిలన్నీ రాళ్లయ్యాయి. "కార్లకి చక్రాలుగా పనికొస్తాయి," అంది ఆమె. తర్వాత కుదిరింది. రొట్టె కాలిందో లేదో అతను రంగు చూసి తెలుసుకునేవాడు, లేదా కేకేసి అడిగేవాడు.

ఇరామ్ తిరిగొచ్చాడు. వేళ్లు వంగవు. చర్మం మెరుస్తూ బిగుసుకుపోయింది. బట్టీలో ఒక మూల కూర్చుని ఆన్సెల్మో పిండి పిసకడం చూసేవాడు. కోపంగా ఒక్క మాట అనేవాడు కాదు. ఒకరోజు అన్నాడు: "ఎనిమిదివందలు చెయ్యొచ్చు ఆ ఇంజనుతో. పెద్ద టర్బో వెయ్యాలి."

"నేను చెయ్యను."

"నువ్వు చెయ్యవని తెలుసు. పోన్సేవాళ్లు చేస్తామన్నారు."

"ఆ చేతులతో ఎలా నడుపుతావురా?"

"నేనెందుకు నడపడం? కారు నాది. ఆ చొక్కా ఇచ్చిన కుర్రాడున్నాడుగా, వాడు నడుపుతాడు."

ఆ మాట విన్నాక ఆన్సెల్మో పోన్సే షెడ్డుకు ఫోన్ చేశాడు. సీటు పక్క అతుకు తీసేసి ఒకే గొట్టం వెయ్యమని, తొడుగులు లేకుండా ఆ కుర్రాణ్ని ఎక్కించొద్దని చెప్పాడు. అవతలివాడు ఓపిగ్గా విని, "మా ముక్కులు బాగానే ఉన్నాయిలే తాతా," అని పెట్టేశాడు.

లాగుడు బండి మీద కరోలాను తీసుకెళ్తున్నప్పుడు బట్టీ ముందే ఆగింది. లోపల సీటు లేదు, నేల మసిబారి ఉంది. పైకప్పు మాత్రం మెరుస్తోంది. ఇరామ్ బయటికి వచ్చి, వంగని చేత్తో దాని తలుపు తట్టి పంపించాడు.

జనవరిలో పందెం జరిగింది. ఆన్సెల్మో వెళ్లాడు. ఎవరూ పిలవలేదు. నేల తడిపే నీళ్ల గొట్టం చేత పట్టుకుని, ట్రాక్ గోడనానుకుని నిలబడ్డాడు. మిగ్దాలియా కూడా వచ్చి కారు దగ్గరికి వెళ్లి, ఆ కుర్రాణ్ని బతిమాలి, కిటికీలో తల పెట్టి పీల్చి చూసింది. ఏమీ లేదని అక్కడి నుంచే చెయ్యి ఊపింది. కుర్రాడు తొడుగులు తొడుక్కున్నాడు. కారు అరిచింది, గీత దాటింది, ఆ రోజు వచ్చిన చిన్న కార్లన్నిటినీ వెనక్కి నెట్టింది. బయల్దేరిన చోటి నుంచి రెండు కార్లంత దూరం దాని ముందుచక్రాలు గాలిలోనే ఉన్నాయి. మధ్యలో ఒకసారి గోడ వైపు జారి, ఎలాగో మళ్లీ సర్దుకుంది. జనం లేచి నిలబడ్డారు. రొట్టెల బండి అని ఎవరూ అనలేదు.

ఇరామ్ కంచె దగ్గర నుంచి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "చూశావా? ఏమీ కాలేదు."

"గోడ వైపు జారింది."

"సర్దుకుందిగా. వెనక ఇంకొంచెం వెడల్పు టైర్లు వేస్తే జారదు. అప్పుడు వెయ్యి గుర్రాలు పెట్టినా ఆగుతుంది."

ఆన్సెల్మో నీళ్ల గొట్టం కింద పెట్టలేదు. అవతల కుర్రాడు హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుంటూ, మళ్లీ ఒకసారి వెళ్తానని ఇరామ్‌ను అడుగుతున్నాడు. ఇరామ్ సరేనన్నాడు. మిగ్దాలియా తను తింటున్న జీడిపప్పు పొట్లం మూసి, సంచీలో వేసుకుని, మళ్లీ కారు దగ్గరికి నడిచింది.